ముప్పై సెకన్ల దూరం

త్రివేణి తన ఇంటిని గజాల్లో కొలవడం మానేసి ఆరు నెలలైంది. ఇప్పుడు సెకన్లలో కొలుస్తోంది. వంటగది నుంచి కంప్యూటర్ గదికి ఆరు సెకన్లు. డాబా మీది బట్టల తీగ నుంచి మెట్లు దిగి వస్తే ఇరవై రెండు. గేటు దగ్గర పాలామెతో మాట్లాడుతుంటే పద్నాలుగు, పాలామె తన కోడలి సంగతి ఎత్తుకుంటే ఇరవై. స్నానం లెక్కలోకి రాదు, దాన్ని పొద్దున తొమ్మిది లోపలే ముగించుకోవాలి. మూల మీది కిరాణా దుకాణం యాభై సెకన్లు. అంటే ఆమెకు అది పరదేశం.

గడువు ముప్పై సెకన్లే. కంప్యూటర్ "టింగ్" మంటుంది. తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి లేస్తుంది. "మల్లికార్జున్ ఈ కంప్యూటర్‌లోకి రావాలనుకుంటున్నారు, ఒప్పుకుంటారా?" అని అడుగుతుంది. కింద పచ్చ బటన్, దాని పక్కన ఎర్ర బటన్. ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది అని అంకెలు దిగుతుంటాయి. సున్నా లోపల పచ్చది నొక్కకపోతే పెట్టె మాయమై ఫోన్ మోగుతుంది. "ఎటు పోయినవ్?" అంటాడు మల్లికార్జున్. పన్నెండేళ్ల కాపురంలో ఏ పనికీ ఆమె అనుమతి అడిగి ఎరగని మనిషి, ఇప్పుడు రోజుకు పదిసార్లు ఇంత మర్యాదగా అడుగుతున్నాడు. కాదనే వీలు లేదన్నది ఒక్కటే లోటు.

మల్లికార్జున్ పెండ్లి పత్రికలు డిజైన్ చేస్తాడు. జడ్చర్లలో ఇంటి ముందు గదిలోనే కంప్యూటర్ పెట్టుకుని పదిహేనేళ్లు ఆ పనే చేశాడు. పోయిన దసరాకు ఆయన మేనబావ పరశురాములు ఆలేరులో ప్రెస్ పెట్టాడు. యాదగిరిగుట్ట దగ్గర, పెండ్లిళ్లకు కొదవలేదు, నువ్వు రా బావా అన్నాడు. బావ వెళ్లాడు. సోమవారం పొద్దున పోతే శనివారం సాయంత్రం వస్తాడు. కంప్యూటర్ మాత్రం వెళ్లలేదు.

వెళ్లకపోవడానికి కారణం దాని వీపుకు గుచ్చి ఉన్న బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌కు అది తాళం. అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం మూసేశారు. ఆ తాళం ఇంకో కంప్యూటర్‌లో పెడితే కన్ను తెరవదు. పోనీ కంప్యూటర్‌నే తీసుకుపోదామంటే, ఇంటికి సున్నం వేసేటప్పుడు పక్క గదికి జరిపినందుకే నాలుగు రోజులు లేవకుండా పడుకుంది. అందుకని అది ఇక్కడ, ఆయన అక్కడ, మధ్యలో ఇంటర్నెట్. దూరం నుంచి వేరే తెర తెరిచినా ఆ తాళం అలుగుతుంది. ఇంట్లో అప్పటికే తెరిచి ఉన్న తెరనే ఆయన పంచుకోవాలి. అంటే తెర ఒక్కటే, బాణం ఒక్కటే, మనుషులు ఇద్దరు. ఆయన ఆలేరులో మౌస్ జరిపితే జడ్చర్లలో బాణం జరుగుతుంది.

మొదట్లో త్రివేణికి అది తమాషాగానే ఉండేది. కుర్చీలో ఎవరూ ఉండరు, తెర మీద వినాయకుడు మాత్రం ఎడమకు జరుగుతాడు, కుడికి జరుగుతాడు, కొంచెం లావవుతాడు, మళ్లీ సన్నబడతాడు. పని మధ్యలో మల్లికార్జున్ ఒక తెల్ల కాగితం తెరిచి, "కూరేంది?" అని కొట్టేవాడు. ఆమె నిలబడే "బీరకాయ" అని కొట్టేది. "ఈడ హోటల్ల రోజూ గదే పప్పు" అని అక్షరాలు ఒక్కొక్కటే వచ్చేవి. కాపురం మొదలైన కొత్తలో కూడా ఆయన ఇన్ని మాటలు చెప్పలేదు.

తమాషా నెల రోజుల్లో తీరిపోయింది. నెట్టు ఎప్పుడు తెగుతుందో తెలియదు. తెగినప్పుడల్లా టింగ్. ఆమె చేతిలో చపాతీ పిండి ఉన్నా, నెత్తిన షాంపూ ఉన్నా టింగ్. ఆ బటన్‌తో పని లేకుండా ఎప్పటికీ ఉండే పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోవచ్చని ఆమె సెట్టింగుల్లో చూసింది, చెప్పింది కూడా.

"వద్దు," అన్నాడు మల్లికార్జున్. "బాదేపల్లిల ఒగాయన గట్లనే పెట్టిండు. ఎవడో దొంగ దూరి కంప్యూటర్ మొత్తం తాళమేసిండు. పాస్‌వర్డును ఎవడన్న కొట్టేస్తడు. నిన్ను ఎవడు కొట్టేస్తడు?"

ఇది మెచ్చుకోలా, ఇంకేమైనానా అని త్రివేణి రెండు రోజులు ఆలోచించింది.

ఆ మెయిల్ వచ్చింది ఒక గురువారం మధ్యాహ్నం. పెళ్లికి ముందు ఆమె డిగ్రీ తర్వాత లైబ్రరీ సైన్స్ చదివింది. ఆ సర్టిఫికెట్ పన్నెండేళ్లుగా బీరువాలో పట్టుచీరల కింద, వాటి మడతలు చెడకుండా కాపాడే అట్టలా పనిచేస్తోంది. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి లైబ్రరీలో మనిషి కావాలని పేపర్లో చూసి, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పంపింది. రాదులే అనుకుని పంపింది కాబట్టి చెప్పాల్సిన అవసరమూ కనిపించలేదు.

"తినొస్త," అని మల్లికార్జున్ ఫోన్ పెట్టేశాడు. తెర మీద ఎవరిదో పత్రిక సగంలో ఆగి ఉంది. బాణం కదలడం లేదు. త్రివేణి కుర్చీలో కూర్చుని పత్రికను కిందికి దించి తన మెయిల్ తెరిచింది. కాలేజీ నుంచి ఒకటి వచ్చి ఉంది. ఎనిమిది రోజుల తర్వాత శుక్రవారం పదిన్నరకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో ఇంటర్వ్యూకు రావాలి, రాకపోతే అవకాశం తర్వాతి వారికి ఇస్తాం. ఆమె రెండోసారి చదువుతుండగా బాణం కదిలింది.

ఆమె చేయి మౌస్ మీద లేదు.

బాణం మెల్లగా వచ్చింది. తేదీ దగ్గర ఆగింది. శుక్రవారం అన్న మాట కింద ఒకసారి ఇటు నుంచి అటు నడిచింది, బడిలో అయ్యవారు బెత్తంతో చూపించినట్టు. తర్వాత తెల్ల కాగితం తెరుచుకుంది.

"ఇదేంది?" అని వచ్చింది.

"తినొస్త అన్నరు" అని ఆమె కొట్టింది.

"హోటల్ బంద్ ఉన్నది."

ఇంట్లో దాచుకోవడానికి బీరువా ఉంది, బియ్యం డబ్బా ఉంది, అవేవీ కాదని త్రివేణి తన రహస్యాన్ని తీసుకెళ్లి ఆలేరులో కూర్చున్న మనిషి కళ్ల ముందు పరిచింది. చదువుకున్న మనుషులే ఇట్లాంటి పనులు చేస్తారు.

"శుక్రవారం మల్లప్ప వాళ్ల పత్రిక ఉన్నది" అని వచ్చింది కాసేపటికి. "నువ్వు పోతే బటన్ ఎవరు నొక్కాలె?"

ఆదివారం ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఆ మాట మళ్లీ కదిలింది. మల్లికార్జున్ కోపిష్టి కాదు. కోపిష్టి అయితే కొట్లాడి బయటపడొచ్చు. ఆయనది మెత్తని స్వభావం, పరుపులో కూరుకుపోయినట్టు ఉంటుంది, ఎటు తోసినా చేతికి గోడ తగలదు.

"నేను పోవద్దంటున్ననా?" అన్నాడు. "పో. శుక్రవారం గాకుండ ఇంకో రోజు పో."

"వాళ్లు శుక్రవారమే రమ్మన్నరు."

"మల్లప్ప గూడ శుక్రవారమే వస్తడు. బిడ్డ పెండ్లి. మిషన్ మీద కాగితం ఎక్కించుకోని కూసుంటం. ఒక్క గంట లైన్ తెగితే గుట్ట కాడ ఇంకో ప్రెస్సుకు పోతడు. ఆలేరుల మా పేరు ఇప్పుడిప్పుడే నిలవడుతుంది, త్రివేణీ."

"మరి నా పేరు?"

"నీ పేరుకేమైంది?" అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

గడప దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ప్రమీలమ్మ అప్పుడు తలెత్తింది. ఆమె మల్లికార్జున్ తల్లి. కొడుకు మాట్లాడితే కొడుకువైపు, కోడలు మాట్లాడితే కోడలివైపు తల తిప్పుతూ, అంతసేపూ చిక్కుడుకాయ ఒక్కటి కూడా వదలలేదు.

"గా పచ్చ బటనే గద," అంది. "నేను నొక్కుత."

"నీకేం తెలుస్తదే అమ్మా," అన్నాడు కొడుకు.

"నిన్ను పెంచినప్పుడు నాకేం తెల్సు? పెంచలేదా?"

మల్లికార్జున్ "సూద్దాం" అన్నాడు. ఆయన భాషలో సూద్దాం అంటే వద్దు. కాని వద్దు అనలేదు కదా అని త్రివేణి ఆ మాటను పక్కన జాగ్రత్తగా పెట్టుకుంది.

సోమవారం నుంచి శిక్షణ మొదలైంది. మొదటి రోజు ప్రమీలమ్మ మౌస్‌ను ఎత్తి తెరకు ఆనించింది, బటన్ దగ్గరికి దగ్గరుండి తీసుకుపోదామని. రెండో రోజు బాణం ఎక్కడుందో వెతికేలోపు ముప్పై సెకన్లు అయిపోయాయి. "ఎవరైనా ఇంటికొస్తే కూసోమని చెప్పెతందుకే నాకు అర్ధగంట పడ్తది, గీ పెట్టెకు గింత తొందరేంది?" అని విసుక్కుంది. బుధవారానికి చేయి కుదిరింది. అయినా నొక్కే ముందు పేరు చదివేది, కళ్లద్దాలు సవరించుకుని ఇంకోసారి చదివేది, "మనోడే" అని తేల్చుకుని నొక్కేది. గురువారం మూడుసార్లు తెగితే మూడుసార్లూ ఆమే నొక్కింది. ఆలేరులో ఆయనకు ఆ తేడా తెలియనే లేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి త్రివేణి పచ్చ బటన్ నొక్కింది. మల్లప్ప కూతురి పత్రిక తెర మీద తెరుచుకుంది, వినాయకుడు లావెక్కడం మొదలుపెట్టాడు. ఆమె చీర మడతల కింది నుంచి సర్టిఫికెట్ తీసింది. కాగితం నుంచి నాఫ్తలీన్ గోళీల వాసన వస్తోంది.

"తొమ్మిదీ ఇరవైకి ఎల్లు," అంది ప్రమీలమ్మ వంటింటి క్యాలెండర్ చూసి. "పదిన్నరకు రాహుకాలం వడ్తది."

"వాళ్లు పిలిచిందే పదిన్నరకు, అత్తమ్మ."

"పిలవనియ్యి. ఇంట్లకెల్లి ఎప్పుడు ఎల్లినమో గదే లెక్క. మంచి టైముల షురూ జేస్తే నడుమ ఏ కాలమొచ్చినా ఏం గాదు."

త్రివేణి వీధి మలుపు తిరిగింది. కిరాణా దుకాణం దాటింది. ఎనభై సెకన్లు, తొంభై, నూట పది. అక్కడిదాకా లెక్కపెట్టి, ఇక అంకెలకు అర్థం లేదని మానేసింది. కాని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా చెవి మాత్రం వెనక్కే తిరిగి ఉంది. కండక్టర్ టికెట్ మిషన్ చప్పుడు చేస్తే లేవబోయింది.

కాలేజీ వరండాలో పదకొండు మంది ఉన్నారు. అందరూ ఆమెకంటే చిన్నవాళ్లు. ఒకమ్మాయి, "మీరు ఎవరి తరఫున వచ్చినరు ఆంటీ?" అని అడిగింది. "నా తరఫునే," అంది త్రివేణి. ఆమె వరుస ఏడు. లోపలికి నాలుగో మనిషి వెళ్లినప్పుడు, పది నలభైకి, ఫోన్ కదిలింది.

"త్రివేణీ, లైన్ తెగింది. ఇంట్ల నెట్టు పొయ్యొచ్చింది. జర నొక్కు."

"అత్తమ్మ నొక్కుతది."

"నొక్కుతలేదు. మూడుసార్లు అడిగిన. మూడోసారి ఎర్రది నొక్కింది. ఫోన్ జేస్తే పన్నెండుకు నొక్కుత అంటుంది. నువ్వేడున్నవ్?"

"పాలమూరుల, కాలేజీ కాడ."

అవతల ప్రెస్ మిషన్ చప్పుడు ఆగిపోయింది.

"పోయినవా," అన్నాడు.

"పోయిన."

"మల్లప్ప ఈడ్నే కూసున్నడు, నా పక్కకే. నేనేం జెయ్యాలె చెప్పు. నువ్వు మాట్లాడు అమ్మతోని. నువ్వు చెప్తే వింటది."

అది నిజమే. త్రివేణి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏం జెయ్యమంటవు బిడ్డా," అంది ప్రమీలమ్మ. "పదీ ముప్పై రెండుకు టింగ్ మన్నది. రాహుకాలం వడ్డది. పెండ్లి పత్రిక. ఆడివిల్ల పెండ్లి. ఎట్ల షురూ చేస్తం? జవాబు జెప్పకుండ కూసుంటే మర్యాద గాదని ఎర్రది నొక్కిన. పన్నెండు గాంగనే పచ్చది నొక్కుత, ఈడ్నే కూసున్న, బాత్రూంకు గూడ పోలే."

దీనికి జవాబు త్రివేణి దగ్గర ఉంది. పొద్దున అత్తమ్మే అందించిన జవాబు. పని తొమ్మిదింటికే మంచి టైములో షురూ అయింది అత్తమ్మ, ఇది నడుమ తెగిన లైన్‌ను అతకడమే, కొత్త పని కాదు. అంతే. ఆ ముక్క చెబితే ప్రమీలమ్మ ఒక క్షణం ఆలోచించి, "గట్లంటవా," అని పచ్చది నొక్కుతుంది. మల్లప్ప పత్రిక అచ్చవుతుంది. ఇవాళ సాయంత్రం ఇంట్లో అందరూ బాగుంటారు. రేపటి నుంచి మళ్లీ టింగ్ మన్నప్పుడల్లా పిండి చేతులతో పరుగు.

చెప్పకపోతే మల్లప్ప లేచి వెళ్లిపోవచ్చు. అప్పుడు ఈ శుక్రవారం ఇంట్లో ఎన్నేళ్లైనా నిలిచిపోతుంది. నువ్వు పోయిన నాడే గదా ఆ గిరాకీ పోయింది, అని మల్లికార్జున్ ఎప్పుడూ అనడు. అనకుండా ఉంటాడు. అది ఇంకా బరువు.

లోపలి నుంచి ఆరో అమ్మాయి బయటికి వచ్చింది. ఐదో మనిషి ఎప్పుడు వెళ్లి వచ్చాడో త్రివేణి చూడనే లేదు.

"అత్తమ్మా," అంది.

"చెప్పు బిడ్డా."

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఏ చిక్కుముడి పడ్డా విప్పే మాట ఆమె దగ్గరే దొరుకుతూ వచ్చింది. ఈ ఒక్కదాన్ని మింగేసింది.

"ఏం లేదు. పన్నెండుకే నొక్కున్రి," అంది.

మళ్లీ మల్లికార్జున్‌కు చేసింది. "పన్నెండు దాకా నొక్కదట. మల్లప్పకు ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి. మా అమ్మ రాహుకాలంల పెండ్లి పత్రిక ముట్టనియ్యదు అని."

"గిరాకీకి గట్ల చెప్తరా ఎవరన్న? నవ్వుతరు."

"త్రివేణి ఎవరు?" అని తలుపు దగ్గర అటెండర్ అడిగాడు.

"నన్ను పిలుస్తున్నరు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

లోపల ముగ్గురు ఉన్నారు. మధ్యలో ఉన్నాయన సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని ఒకసారి తుమ్మాడు. పుస్తకాలకు నంబర్లు ఎట్లా వేస్తారో అడిగారు, చెప్పింది. మరచిపోయాననుకున్నది ఎక్కడి నుంచో వరసగా వచ్చింది. పన్నెండేళ్లు ఏం చేశారని అడిగారు. ఇంట్లో ఉన్నానంది.

"పొద్దున తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా ఒక్క దగ్గర్నే కూసోవాలె మేడమ్. మధ్యలో ఎటు పోయేది ఉండది. ఉండగల్గుతరా?"

"అలవాటే సార్," అంది త్రివేణి. ముఖం మీద ఏమీ కనిపించనివ్వలేదు. "భోజనానికి ఎంతసేపు?"

"నలభై ఐదు నిమిషాలు."

ఆమె వాటిని మనసులో సెకన్లలోకి మార్చింది. రెండు వేల ఏడు వందలు. అంత పొడుగు సమయం ఏం చేసుకోవాలో కూడా తెలియలేదు.

అందరినీ ఉండమన్నారు. పన్నెండుంబావుకు అటెండర్ వచ్చి ఆమె ఒక్కదాన్నే పిలిచాడు. సర్టిఫికెట్ జిరాక్సులు ఇచ్చి పొమ్మన్నారు, ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు.

బస్టాండ్‌కు వచ్చి బెంచీ మీద కూర్చున్నాక ఫోన్ తెరిచింది. మల్లికార్జున్ నుంచి తొమ్మిది కాల్స్. చివరిది పదకొండుకు ఐదు నిమిషాల ముందు. తర్వాత ఒక్కటీ లేదు. తొమ్మిది కాల్స్ కంటే ఆ లేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. చేసింది.

"ఆ," అన్నాడు మల్లికార్జున్.

"ఏమైంది?"

"పన్నెండు కొట్టి ఒక్క నిమిషానికి అమ్మ నొక్కింది. పని నడుస్తుంది."

"మల్లప్ప?"

"ఉన్నడు." గొంతు తగ్గించాడు. "చెప్పక ఏం జేస్త, చెప్పిన. రాహుకాలమా అని దిగ్గున లేచిండు. నా బిడ్డ పత్రిక రాహుకాలంల కొడ్తుండ్రా, ముందుగాల్నే చెప్పొద్దా అని నన్నే అర్సిండు. పొయ్యి చాయ తాగొచ్చిండు. మీ అమ్మ ఉన్నది గాబట్టి బతికిన అన్నడు. తమ్ముని కొడుకు పత్రిక గూడ మీరే కొట్టాలన్నడు."

త్రివేణి ఆరు నెలలు ముప్పై సెకన్ల కోసం పరుగెత్తింది. ఇవాళ గంటన్నర పోతే ఒకాయన చాయ తాగి వచ్చాడు. నవ్వాలో ఏడవాలో తేల్చుకునే ముందు చెప్పాల్సింది ఒకటుంది.

"నాది గూడ అయింది," అంది. "ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు."

అవతల మిషన్ ఆడుతోంది. నాలుగు కాగితాలు పడిన చప్పుడు ఆమె లెక్కపెట్టింది.

"రోజూనా?" అన్నాడు.

"ఆదివారం తప్ప."

"మరి కంప్యూటర్?"

"అత్తమ్మ ఉన్నది గద. ఇప్పుడు మీ గిరాకీలు గూడ ఆమెనే అడుగుతరు."

"రాహుకాలం రోజూ ఉంటది, త్రివేణీ."

"రోజూ గంటన్నరే."

మల్లికార్జున్ మెత్తదనంలో ఎక్కడో అడుగున ఉండాల్సిన గట్టి నేల కాలికి తగులుతుందేమోనని ఆమె ఎదురుచూసింది.

"రేపటిది ఎప్పుడు?" అన్నాడు చివరికి.

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర."

"ఆగు, రాసుకుంట." పెన్ను కోసం ఎవరినో అడగడం వినిపించింది. "ఆ. సోమవారం?"

"ఏడున్నర నుంచి తొమ్మిది. మీరు గప్పుడు దుకాణమే తియ్యరు."

"మంగళవారం?"

"మూడు నుంచి నాలుగున్నర."

"బుధవారం?"

"పన్నెండు నుంచి ఒకటిన్నర. తినున్రి గా టైముకు."

"బేస్తవారం?"

"బస్సు వస్తుంది," అంది త్రివేణి. "బేస్తవారంది అత్తమ్మను అడుగున్రి," అని ఫోన్ పెట్టేసింది.

బస్సు ఏదీ రావడం లేదు. ఆమె సర్టిఫికెట్‌ను ఒళ్లో పెట్టుకుని, బెంచీకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుంది.